బతికున్న అన్న పేరు మీద బియ్యం

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. అమ్మకు చెప్పలేదు, అన్నకు చెప్పలేదు, వైద్యం చేసిన డాక్టరమ్మకూ చెప్పలేదు. మా అన్న బతికి ఉండగానే, పెత్రమాస నాడు ఆయన పేరు మీద నేను బియ్యం ఇచ్చాను.

భాద్రపద అమావాస్యను మా వైపు పెత్రమాస అంటాం. ఆ పొద్దున చాటలో బియ్యం, పప్పు, బీరకాయలు, గోరుచిక్కుడు పెట్టుకుని అయ్యగారి దగ్గరికి పోతాం. ఇంట్లో చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చెబితే ఆయన మంత్రం చదివి, నీళ్లు వదిలించి, బియ్యం తీసుకుంటారు. అది కొడుకు చేసే పని. మా ఇంటి కొడుకు దేశంలో లేడు కాబట్టి అమ్మ నన్ను పంపింది. తాత పేరు చెప్పాను, నాన్న పేరు చెప్పాను. "ఇంకెవలన్న ఉన్నరా బిడ్డా?" అని అయ్యగారు అలవాటుగా అడిగారు. వెనక నిలబడ్డవాళ్లకు వినబడనంత మెల్లగా "శ్రీశైలం" అన్నాను. "ఏమైతడు?" అంటే, "మా అన్న" అన్నాను. ఆయన నా ముఖం వైపు ఒకసారి చూసి, నా అరచేతిలో నీళ్లు పోశారు.

మొదటి నుంచి చెబుతాను.

అన్న జేసీబీ ఆపరేటర్. తెలకపల్లి, తిమ్మాజిపేట చుట్టుపక్కల ఆయన తవ్విన పునాదులు, కాలువలు చాలా ఉన్నాయి. విదేశంలో గోదాముల దగ్గర మిషన్ నడిపే ఉద్యోగమని ఒక ఏజెంటు తీసుకెళ్లాడు. అక్కడ దిగాక, చదవడం రాని భాషలో ఉన్న కాగితాల మీద సంతకాలు చేయించుకుని, పాస్‌పోర్టు తీసేసుకుని, సైన్యం బట్టలు ఇచ్చారు. ఆ దేశం పేరు రాయను. మనవాళ్లు ఇంకా అక్కడ ఉన్నారు. పదిహేను రోజులు తుపాకీ పట్టుకోవడం నేర్పి, యుద్ధం జరిగే చోటికి పంపారు. అక్కడ అన్న పని కందకాలు తవ్వడం. మొదట మిషన్ ఇచ్చారు. ఆ చప్పుడుకు పైనుంచి దాడులు జరుగుతున్నాయని తర్వాత పార చేతికిచ్చారు. ఒక కందకంలో పదకొండు మంది ఉండేవాళ్లు.

ఏదో తేడాగా ఉందని నాకు అనిపించిన రోజు నా డైరీలో ఉంది. అన్న ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. "నేను మంచిగున్న అని అమ్మకు చెప్పు మంజూ. నువ్వు చదువుకో" అన్నాడు. మధ్యలో రెండుసార్లు దగ్గాడు. ఆ గొంతు మళ్లీ వినాలనిపించి ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. మాటలు అయిపోయాక కూడా దగ్గు ఉంది. అది అన్నది కాదు. ఎవరో కొంచెం దూరంగా దగ్గారు. ఇంకా దూరంలో మరొకరు దగ్గారు. ఆ నేల కిందే ఎంతోమంది వరుసగా దగ్గుతున్నట్టు అనిపించి ఇయర్‌ఫోన్ తీసేశాను.

తర్వాతి మెసేజ్‌లలో అన్న మాటలు తగ్గాయి, దగ్గు పెరిగింది. రాసి అడిగితే, "ఏం లేదే, చలి దగ్గు. ఈడ అందరికున్నది" అన్నాడు. ఆ తర్వాత ఏమీ రాలేదు.

నెల దాటాక, తెలియని నంబరు నుంచి నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. అన్నతో పాటు ఉన్నవాళ్లలో ఒకరు పంపింది. నోట్లోంచి చాలా రక్తం పడిందని, మోసుకెళ్లారని, ఇక లేడని మూడు ముక్కల్లో ఉంది. ఆ నంబరుకు ఎన్నిసార్లు చేసినా మోగలేదు. నేను అమ్మకు చెప్పలేదు. నోటితో అంటే నిజమవుతుందనుకున్నాను. రెండు నెలలు ఆ మెసేజ్‌ను ఒక్కదాన్నే మోశాను. పెత్రమాస వచ్చేసరికి ఇంకో భయం మొదలైంది. నిజంగానే చనిపోయి ఉంటే, ఆ రోజు ఎవరూ పేరు తలవకపోతే, అన్న ఆకలితో తిరుగుతాడేమో అని. అందుకే చెప్పాను.

సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నం తంగేడు పూలు పేరుస్తుంటే ఫోన్ మోగింది. పొడుగాటి నంబరు. "మంజూ, నేనే" అన్నది గొంతు.

నేను "ఎవరు?" అన్నాను.

"నేనే అంటున్న గదనే. అన్నను. గప్పుడే మర్సినవా?"

ఇన్నాళ్లూ ఆస్పత్రిలోనే ఉన్నాడట, ఫోన్ ఇప్పుడే చేతికిచ్చారట. టీబీ అట. దగ్గి దగ్గి స్పృహ తప్పితే పోయాడనుకుని ఎత్తుకెళ్లారట. "రోగమొచ్చినోన్ని పెట్టుకొని ఏం జేస్కుంటరు? ఇంటికి పంపిస్తున్నరు" అన్నాడు. తనను మోసుకెళ్లిన వారానికే మిగిలిన పది మందిని ముందుకు పంపారని కూడా అప్పుడే చెప్పాడు. వాళ్లలో ఎవరి ఫోనూ ఇప్పటివరకు మోగలేదు.

దీపావళి తర్వాత వచ్చాడు. నలభై రెండు కిలోలు. అమ్మ ఏడుస్తూ ముఖమంతా తడిమింది. నేను తలుపు పక్కన నిలబడి, అన్న చెంబెత్తి నీళ్లు తాగుతుంటే గొంతు కదులుతోందా లేదా అని చూశాను. అలా చూసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

జిల్లా దవాఖానలో కళ్లె పరీక్ష, ఎక్స్‌రే, టీబీ మందుకు లొంగుతుందో లేదో చెప్పే సీబీనాట్ చేశారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇది మామూలు టీబీ కాదు. రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ వచ్చింది, అంటే అసలు మందుకే లొంగదు. ఎండీఆర్ అంటాం" అన్నారు. ఈసీజీ, కళ్ల పరీక్ష, రక్త పరీక్షలు అయ్యాక మందుల పేర్లు చెప్పారు. బెడాక్విలిన్, లైనెజోలిడ్, లీవోఫ్లాక్సాసిన్, క్లోఫాజిమిన్, సైక్లోసెరిన్. పద్దెనిమిది నెలలు.

"గోలీలు మింగితె తక్కువైతదా మేడం?" అని అన్న అడిగాడు.

"మింగితే తగ్గుతుంది. మధ్యలో మానేస్తే ఈ మందులకు కూడా లొంగదు. అప్పుడు నా దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు" అన్నారు ఆవిడ.

ఆ రోజు నుంచి నా డైరీలో ఎడమ పేజీ అన్నకు ఇచ్చేశాను. ఏ గోలీలు ఎన్ని, బరువు ఎంత, ఏం తిన్నాడు, ఏమన్నాడు. కుడి పేజీ నాది. పెత్రమాస రోజు రాసిన పేజీలు రెండింటినీ కలిపి పిన్నీసు పెట్టాను.

మొదటి రెండు నెలలు బాగానే జరిగింది. వాంతులు అయ్యేవి కానీ, బరువు పెరిగాడు. దగ్గు తగ్గింది. అన్న అక్కడి సంగతులు నవ్వుతూ కూడా చెప్పేవాడు. మంచులో పార దిగదని, అక్కడి మట్టి కంటే మన గుండ్రాయి నయమని అనేవాడు.

తర్వాత ఆయన రంగు మారడం మొదలైంది. ముందు ముఖం ఎర్రగా కమిలినట్టయింది, తర్వాత నల్లబడింది, తర్వాత మెడ, చేతులు. రాగి బిందె పొయ్యి మీద మసిబారినట్టు. క్లోఫాజిమిన్ వల్ల ఇలా అవుతుందని, కోర్సు అయ్యాక మెల్లగా పోతుందని ముందే చెప్పారు. అయినా పొద్దున్నే ఆ ముఖం హఠాత్తుగా కనబడితే ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని. పక్కింటి బాలమ్మ పెద్దమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఏందే చెల్లె, నీ కొడుకునే పంపిండ్రా, ఇంకొగన్ని పంపిండ్రా? జర రసీదు సూసుకో" అంది. "నీ నోట్ల మన్నువడ" అని అమ్మ తిట్టింది. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చనిపోయినవాళ్లలో కలిపేసిన మనిషి మెల్లగా వేరే మనిషిగా మారుతున్నాడని నాకనిపించింది.

మూడో నెల చివర్లో పల్లికాయ పీకే పనులు వచ్చాయి. పొద్దునే ఊరంతా చేన్లకు పోయేది. మధ్యాహ్నాలు మా వాడలో అన్న, నేను తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఒకరోజు నేను గడప మీద కూర్చుని చదువుకుంటున్నాను. లోపల అన్న మాట వినబడింది. "జరుగుర్రి, జరుగుర్రి. అందరికి జాగ అయితది" అంటున్నాడు. ఎవరొచ్చారా అని చూశాను. చాప మీద ఒక మూలకు ఒదిగి కూర్చున్నాడు. మిగిలిన చాపంతా ఖాళీ.

నాలుగు రోజుల తర్వాత అన్నం పెడితే రెండో కంచం అడిగాడు. తర్వాత ఇంకోటి. ఎండ మండిపోతుంటే గొంగడి తీసి నేల మీద పరిచాడు. దాని పక్కన చెద్దరు, దాని పక్కన అమ్మ పాత చీర, అలా వరుసగా. పది పడకలు.

"ఎవరికన్నా ఇవి?" అన్నాను.

"వాళ్లకే. సలికి వణుకుతుండ్రు, కనవడ్తలేరా నీకు?"

అంత మామూలుగా అన్నాడు. ఆ గొంతులో పిచ్చి ఏమీ లేదు. అందుకే నాకు భయం వేసింది. ఆ చీరను దాటుకుని వంటింట్లోకి పోవాల్సి వస్తే, తొక్కకుండా పక్కనుంచి పోయాను.

వారానికోసారి మందులు చూడటానికి వచ్చే సూపర్‌వైజరుకు అమ్మ చెప్పుకుంది. ఆయన మంచి మనిషి. "యుద్ధం సూసొచ్చిండమ్మా, గట్లనే ఉంటది. ఓపిక పట్టుర్రి" అన్నాడు. అమ్మకు అది నచ్చలేదు. అలంపూర్ పోయి అమ్మవారికి మొక్కి, అక్కడే రెండు రోజులు పడుకోబెడదామంది. నాకు కారణం తెలుసని అనుకున్నాను. నేను ఆయన్ని చనిపోయినవాళ్ల వరుసలోకి పంపాను, ఆ వరుసలోవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. డిగ్రీ చదివినదాన్ని, లైబ్రరీ పుస్తకాలు బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివేదాన్ని. అయినా తొమ్మిది రోజులు అదే నమ్మాను.

పదో రోజు అన్న గోలీలు మింగలేదు. అరచేతిలో పెట్టుకుని చూసి, కింద వరుసగా పేర్చాడు.

"మింగు అన్నా."

"సచ్చినోనికి గోలీలేందే?" అన్నాడు. "నా పేరు మీద బియ్యం గుడ పాయె. బీరకాయలు, గోరుచిక్కుడు. నాకు కడుపు నిండే ఉన్నది."

నా చేతిలో నీళ్ల చెంబు ఉంది. దాన్ని కింద పెట్టడానికి కూడా కదలలేకపోయాను. అయ్యగారికి, నాకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. అన్నకు ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. పెత్రమాసకు ప్రతి ఇంట్లోనూ చాటలో ఉండేవి ఆ కూరగాయలే, నిజమే. ఎన్నిసార్లు ఆ మాట చెప్పుకున్నా పూర్తిగా కుదుటపడలేదు.

ఆ రోజంతా ఆయన ఏమీ తినలేదు. మర్నాడు కూడా అంతే. గోలీలు నేల మీదే ఉన్నాయి. మధ్యలో మానేస్తే ఇవ్వడానికి ఏమీ ఉండదన్న డాక్టరమ్మ మాట నా తలలో తిరుగుతోంది. నేను చేసిన పనికి విరుగుడు ఏదైనా ఉందేమోనని, ఆ రోజు సరిగ్గా ఏ మాటలన్నానో చూసుకోవడానికి డైరీ తీశాను. పిన్నీసు పెట్టిన పేజీల కోసం వెనక్కి తిప్పుతుంటే ఎడమ పేజీలు కళ్ల ముందు వరుసగా కదిలాయి. రోజూ రాస్తున్నాను కానీ, ఎప్పుడూ వెనక్కి చదవలేదు.

ఒక పేజీలో ఇలా ఉంది: "బరువు 47. దవాఖానలో సంతోషపడ్డారు. బరువు పెరిగింది కాబట్టి సైక్లోసెరిన్ రెండు కాదు, ఇకనుంచి మూడు." దాని తర్వాత ఆరో రోజు: "నిద్ర పట్టలేదన్నాడు." తొమ్మిదో రోజు: "చాప మీద ఎవరితోనో మాట్లాడాడు." పదమూడో రోజు: "రెండో కంచం." దానికి ముందు రెండు నెలలు ఇలాంటిది ఒక్క ముక్క లేదు. యుద్ధం వల్ల అయితే, చనిపోయినవాళ్ల వల్ల అయితే, నా వల్ల అయితే, మూడో గోలీ దాకా ఎందుకు ఆగాలి?

అన్నను దవాఖానకు తీసుకెళ్లాలి. చచ్చినవాడిని బస్సు ఎక్కించరని ఆయన వాదన. అమ్మ బతిమాలినా లేవలేదు. చివరికి నేను అబద్ధమాడాను. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాను. బాగా దగ్గాను.

అన్న తల తిప్పి చూశాడు. "ఎన్ని దినాల సంది?"

"వారం నుంచి. పరీక్ష చేయించుకోవాలె. నాకు అక్కడ మాట్లాడాలంటే భయం. ఒక్కదాన్నే ఎట్ల పోను?"

ఆయన లేచి నిలబడ్డాడు. తర్వాత ఖాళీ పడకల వైపు తిరిగి, "చెల్లెను దవాఖానల సూపిచ్చుకొని వస్త" అని చెప్పి, చొక్కా వేసుకున్నాడు. నాగర్‌కర్నూల్ వరకు బస్సులో నా సంచి ఆయనే పట్టుకున్నాడు. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, గాలి తగలాలని అద్దం జరిపాడు. నా పక్కన ఉన్నది అన్నే అని, ఆయన తిరిగొచ్చిన తర్వాత మొదటిసారి నాకు అనుమానం లేకుండా అనిపించింది.

డాక్టరమ్మ ముందు నా నోరు పెగల్లేదు. డైరీ తెరిచి ఆవిడ ముందుకు తోశాను. ఆవిడ చదువుతూ పోయారు. పిన్నీసు పేజీల దగ్గర ఆగి, నా ముఖం చూసి, తెరవకుండా దాటించారు.

"ఈ తేదీలు నువ్వే రాశావా?"

తలూపాను.

"ఇది సైక్లోసెరిన్ సైకోసిస్. మందు వల్ల వచ్చిన మతిభ్రమ. కొంతమందికి వస్తుంది. ఈ మందు ఈరోజే ఆపేస్తున్నాం, బదులు వేరేది ఇస్తాం. ఈ పుస్తకం తీసుకుని రెండు వారాల కిందటే ఎందుకు రాలేదమ్మా?"

పిన్నీసు పేజీల మీద చెయ్యి పెట్టి డైరీ మూశాను. ఇది చదువుతున్నవాళ్లకు ఆ జవాబు తెలుసు.

అన్నను వార్డులో చేర్చుకున్నారు. మానసిక వైద్యులు వచ్చి ఇంకో మందు కొన్నాళ్ల కోసం రాశారు. ఇంట్లో టీబీ ఉంది కాబట్టి నాకూ, అమ్మకూ ఎక్స్‌రే తీశారు. మాకేమీ లేదు. మొదటి మూడు రోజులు గోలీలు మింగించడం నర్సమ్మ వల్ల కూడా కాలేదు. నాలుగో రోజు మింగాడు. పదో రోజు పొద్దున నేను టీ తీసుకెళ్తే, మంచం మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

"పోయిండ్రే మంజూ" అన్నాడు. "గోలీ ఆపంగనే వాళ్లు గుడ పోయిండ్రు. ఇన్నొద్దులు నా పక్కపొంటనే ఉండె. వాళ్లు సచ్చిపోయింది నాకు ఇయ్యాల్నే."

నేను పక్కన కూర్చున్నాను. రోగం తగ్గినందుకు ఒక మనిషి అలా ఏడవడం ఎక్కడా చదవలేదు.

తర్వాత కూడా ఇబ్బందులు వచ్చాయి. లైనెజోలిడ్‌తో కాళ్లు తిమ్మిర్లెక్కితే డోసు తగ్గించారు. ఒకసారి ఈసీజీ తేడా వస్తే వారం రోజులు భయపడ్డాం. కానీ వార్డులో ఆ నాలుగో రోజు నుంచి గోలీలు ఒక్క రోజూ ఆగలేదు. కోర్సు ముగిసింది. చివరి కళ్లె కల్చర్ నెగెటివ్, క్రిములు లేవు. ఆయన రంగు అంచుల నుంచి మెల్లగా వెనక్కి వస్తోంది. బియ్యం గురించి తానన్న మాటలు గుర్తున్నాయా అని అన్నను ఒకసారి అడిగాను. లేవన్నాడు. కళ్లలోకి చూశాను. నిజమే చెప్పాడనుకుంటాను.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి మందులు వాడుతుంటే ఒక్క పని చేయండి. గోలీ ఎప్పుడు మారింది, ఎన్ని అయ్యాయి, మనిషిలో కొత్తగా ఏం కనబడింది, తేదీతో రాయండి. అది దయ్యం కథలా ఉన్నా, మీ తప్పు వల్లే అనిపించినా, చెప్పడానికి సిగ్గైనా రాయండి. వారానికోసారి వెనక్కి తిప్పి చదవండి. నోరు పెగలకపోతే నాలాగా పుస్తకం డాక్టరు ముందుకు తోయండి. గోలీలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

పోయిన వారం అన్న మళ్లీ జేసీబీ ఎక్కాడు. తిమ్మాజిపేట దగ్గర ఒక రైతు చేనులో నీటి గుంత తవ్వాలి. "ఊకె వచ్చి కూసో" అని నన్ను తోడు రమ్మన్నాడు. గట్టు మీద వేప నీడలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను కానీ ఒక్క లైను చదవలేదు. మొదటి బకెట్ మట్టి తీశాక మిషన్ ఆగింది. ఇంజను మోగుతూనే ఉంది. అన్న కిందికి దిగి, గుంత అంచున నిలబడి లోపలికి చూస్తున్నాడు.

"ఏమైందయ్యా ఆపరేటరూ, లంకెబిందెలు గిట్ల దొరికినయా?" అని రైతు దూరం నుంచి అరిచాడు. అన్న కదల్లేదు. నేను లేచి నిలబడ్డాను. కాసేపటికి మళ్లీ ఎక్కి, మధ్యాహ్నం దాకా ఆపకుండా తవ్వాడు. తర్వాత ఇంజను ఆపి, ఒళ్లంతా ఎర్ర దుమ్ముతో, గట్టు వైపు నడిచి వచ్చాడు.

"అన్నా, ఇందాక గుంతలో ఎవరన్నా..." అన్నాను.

"ఎవలు లేరే. మట్టే ఉన్నది" అన్నాడు. "సద్ది డబ్బ తియ్యి, ఆకలైతుంది."